తుమ్మిన దేవుడు

ప్రయాణమునకు సిద్ధమై, సంచి చేతబట్టుకొని, గడప దాటబోవునంతలో ఇంటిలో ఎవరో ఒకరు తుమ్ముదురు. ఒంటి తుమ్ము. బయలుదేరినవాడు ఆగిపోవును. "కాసేపు కూర్చుండి, మంచినీళ్లు త్రాగి వెళ్లు" మని పెద్దలు చెప్పుదురు. తుమ్మినవారు తప్పు చేసినవారివలె ముఖము ప్రక్కకు త్రిప్పుకొందురు. అదే యింటిలో, అదే దినమున, ఉయ్యాలలోని పసిబిడ్డ తుమ్మినచో తల్లి బిడ్డ నడినెత్తిపై అరచేయి నుంచి "చిరంజీవ, చిరంజీవ" యనును. అమ్మమ్మ దగ్గర నున్నచో "నూరేండ్లు" అని చేర్చును.

ముక్కు ఒకటే, తుమ్ము ఒకటే. గడపవద్ద అది ఆటంకము. ఉయ్యాలలో అది ఆయువు. ఈ రెండు భావములు ఒకే కప్పు క్రింద ఇన్ని తరములుగా ఎట్లు కాపురము చేయుచున్నవి? "తుమ్ము తమ్ముడై చెప్పు" నని మనవారి సామెత. తమ్ముడువలె ముందుగా వచ్చి కీడును హెచ్చరించునని దాని తాత్పర్యము. "తుమ్మితే ఊడే ముక్కు ఎన్నాళ్లు నిలుచు" నని ఇంకొక సామెత. ఇది శకునమును గూర్చినది కాదు, నిలుకడలేని వస్తువును గూర్చినది. కొన్ని పంచాంగములు బల్లిపాటునకువలె తుమ్మునకును ఫలములు వ్రాయును. జలుబువలన వచ్చిన తుమ్మును, పొడుము పీల్చి తెచ్చుకొన్న తుమ్మును లెక్కలోనికి రావని పెద్దలు మినహాయింపు నిచ్చిరి. ఆ మినహాయింపు లేకున్నచో పొడుముకాయ మొలనుంచుకొన్న తాతగారున్న యింటినుండి ఎవరును ఏ యూరికిని వెళ్లియుండరు.

తడ ప్రాంతపు శ్రోతలకు ఈ విషయమున ఇతరులకంటె ఎక్కువ హక్కు కలదని మేము సరదాగా ననుకొనుచుందుము. తమిళమున "తడై" యనగా ఆటంకము. ఊరి పేరునకు అసలు వ్యుత్పత్తి ఏదైనను, దారి నాపు తావుగనే ఆ యూరు చాలకాలము పేరుపొందినది. చెన్నపట్టణమునుండి కలకత్తా పోవు రహదారి తమిళదేశమును విడిచి ఆంధ్రదేశమున అడుగిడునది అక్కడనే. 2017లో జి.ఎస్.టి. వచ్చి వాణిజ్యపన్నుల తనిఖీలు తొలగువరకు, తడ మండలములోని భీములవారిపాళెము చెక్‌పోస్టువద్ద లారీలు బారులు తీరి నిలుచుచుండెడివి. నెల్లూరు జిల్లాలోనిదగు ఈ మండలము 2022లో తిరుపతి జిల్లాలో చేరినది. తూర్పున పులికాటు సరస్సు. చలికాలమున ఆ లోతులేని నీటిలో ఫ్లెమింగో పక్షులు గుంపులుగా దిగును. రెక్క విప్పినపుడు వాని యెఱుపు దూరమునకే కానవచ్చును. ప్రాచీన ఈజిప్టువారు తమ చిత్రలిపిలో "ఎఱుపు" అను మాటను వ్రాయుటకు ఈ పక్షి బొమ్మనే వాడిరి. మనకు ఎంతో దూరమని తోచు ఆ లిపిలోని ఒక యక్షరము ఏటేట తడవారి కంటియెదుట వచ్చి నిలుచుచున్నది. ఆ లిపిలోనే, ఒక రాజు సమాధిలో, తుమ్మును గూర్చిన ఒక వాక్యము కలదు. నేటి ప్రసంగమున మేము ముఖ్యముగా చెప్పదలచినది దానిని గూర్చియే.

కైరో నగరమునకు దక్షిణమున సఖారా యను ఎడారి మిట్ట కలదు. అచ్చటి పిరమిడ్లలో చాలవరకు మనము బొమ్మలలో చూచు గీజా పిరమిడ్లకంటె చిన్నవి, శిథిలములు. కాని గీజాలోని మహా పిరమిడ్ల లోపలి గదులలో ఇట్టి మంత్రము లొక్కటియు లేవు. సఖారాలోని కొన్నిటి లోపలి గోడలు పైనుండి క్రిందివరకు అక్షరములతో నిండియున్నవి. 1880, 81 సంవత్సరములలో ఫ్రెంచి పండితుడు మాస్పెరో వీనిని తెరపించి, ఆ వ్రాతలకు ప్రతులు తీయించెను. మరణించిన రాజు మరల లేచి దేవతలలో చేరుటకై చదువవలసిన మంత్రము లవి. వానిలో మిక్కిలి ప్రాచీనములు ఉనాస్ అను రాజు పిరమిడులోనివి. ఆయన తరువాతి వంశమువారి పిరమిడ్లలో, నేటికి దాదాపు 4,200 ఏండ్ల క్రిందట చెక్కబడిన మంత్రమొకటి కలదు. పండితులు దానికి 600 అను సంఖ్య నిచ్చిరి. రాజును, రాజు పిరమిడును కాపాడుమని సృష్టికర్తను వేడుకొను ప్రార్థన యది. వేడుకొనుటకు ముందు, సృష్టి ఎట్లు జరిగెనో ఆ దేవునకే గుర్తు చేయుదురు.

అందలి కథ చిన్నది. మొదట నీరు తప్ప మరేమియు లేదు. ఆ నీటినుండి ఒక మిట్ట లేచినది. మిట్టపై ఆతుము అను దేవుడు తనంతట తాను నిలిచెను. ఆయనకే, ఉదయించు సూర్యునిగ, ఖెప్రి యని మరొక పేరు. తోడు ఎవరును లేరు. ఆయన తుమ్మెను, షూ పుట్టెను. ఉమిసెను, తెఫ్నుత్ పుట్టెను. షూ యనగా గాలి. తెఫ్నుత్ తేమకు అధిదేవత యని పలువురు పండితులు చెప్పుదురు. ఈ యిద్దరికి భూమి యను కొడుకును, ఆకాశమను కూతురును కలిగిరి. ఆకాశమును రెండు చేతులతో పైకెత్తి, భూమినుండి వేరుచేసి నిలిపినవాడు షూ. మనము పీల్చు గాలికి తావు దొరికినది ఆ చేతులనడుమనే యని వారి భావము.

ఇందులో ఒక మాటల చమత్కారము కలదు. ఈజిప్టువారు అచ్చులను వ్రాయలేదు, హల్లులే వ్రాసిరి. ఆ మంత్రములోని మొదటి క్రియను నేటి పండితులు "ఇషెష్" అని పలుకుదురు. తుమ్మువాని ముక్కునుండి వెలువడు ధ్వని అందులోనే వినబడుచున్నది. ఇషెష్ అనగా షూ పుట్టెను. రెండవ క్రియలోని హల్లులు తకార ఫకారములు. దానినుండి తెఫ్నుత్ పుట్టెను. "తుఫ్" మని ఉమియు ధ్వనికి అది ఎంత దగ్గరయో వేరుగ చెప్పనక్కరలేదు. వారి దృష్టిలో ఇది కవి యాడుకొన్న శబ్దాలంకారము మాత్రమే కాదు. పేరునకును వస్తువునకును విడదీయరాని సంబంధము కలదని నమ్మినవారు వారు. ధ్వని కలిసినచో పుట్టుకయు కలిసినట్లే.

మొదటి క్రియకు "తుమ్ముట" యని యర్థము చెప్పుటలో పండితులందరు నేకాభిప్రాయులు కారు. రెండు క్రియలను ఉమియుటగనే అనువదించినవారు కలరు. తుమ్ముటగ అనువదించినవారును కలరు. మాకు తుమ్ము పక్షమే సమంజసముగ తోచుచున్నది. ఉమిసినచో పుట్టవలసినది తేమ. గాలి పుట్టుటకు ముక్కే తగిన ద్వారము. ఒకే పని రెండుమారులు చెప్పుటకంటె, గాలికి ముక్కును తేమకు నోటిని కేటాయించుటలో పొందిక యెక్కువ.

తరువాతి వాక్యము మరియు హృద్యము. తుమ్మి, ఉమిసి బిడ్డలను కన్న ఆ దేవుడు వెంటనే తన రెండు చేతులను వారి చుట్టు వేయును. ఈజిప్టువారు "కా" యను ఒక జీవశక్తిని నమ్మిరి. చిత్రలిపిలో దాని గుర్తు, పైకి చాచిన రెండు చేతులు. కౌగిలించుకొనుటవలన తండ్రిలోని కా బిడ్డలలోనికి ప్రవేశించెను. అట్లే ఈ రాజు చుట్టును, ఈ పిరమిడు చుట్టును నీ చేతులు వేయుమని ప్రార్థన సాగును. నాలుగువేల యేండ్లనాటి రాతిగోడపై, తుమ్మునకు వెన్వెంటనే ఒక కౌగిలి కలదు.

ఈ యొక్క మంత్రముతో ఈజిప్టువారికి తుమ్ము పవిత్రమని తేల్చివేయుట తొందరపాటగును. కాని వారి బ్రదుకులో ముక్కునకు గల స్థానమును చూచినచో ఆ మంత్రము ఒంటరిగ నిలువదు. దేవాలయముల గోడలపై దేవతలు రాజు ముక్కుపుటములయొద్ద "అంఖ్" అను గుర్తును పట్టుకొని నిలుచుండు బొమ్మలు కలవు. అంఖ్ అనగా ప్రాణము. ప్రాణము నోటికి తినిపించునది కాదు, ముక్కునకు అందించునది. మృతుని ప్రతిమకును, ఎండబెట్టి గుడ్డలు చుట్టిన దేహమునకును "నోరు తెరచు" క్రతువు జరుపుచుండిరి. బాడిసవంటి పనిముట్టుతో తాకినంతనే అది ఊపిరి పీల్చు శక్తిని పొందునని విశ్వాసము. ప్రాచీన విగ్రహములలో ముక్కు విరిగినవి ఎక్కువగ నుండుటకు, పడిపోవుట మాత్రమే కారణము కాదనియు, వానిలోని ఊపిరిని ఆపవలెనని శత్రువులు కావలసి కొట్టినవి కొన్ని కలవనియు పండితులు చెప్పుదురు. చిత్రలిపిలో ముక్కు బొమ్మ వాసనకు, ముద్దునకు, సంతోషమునకు సంబంధించిన మాటల చివర వచ్చును. మనకు ముక్కుమీద నుండునది కోపము. వారికి ముక్కుమీద నుండినది ఆనందము.

ఆ దేశపు దేహమును చూడవలెనన్న ఓడ యెక్కనక్కరలేదు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని మ్యూజియమునందు ఈజిప్టు మమ్మీ యొకటి కలదు. అది ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చినది. దానిముందు నిలిచినవారు ఒక విషయమును తలంచుకొందురు గాక: గుండెను దేహమునందే పదిలముగ నుంచిన ఆ శిల్పులు, మెదడును మాత్రము ఇనుప కొక్కెముతో ముక్కుపుటములగుండ వెలికి తీయుచుండిరని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు వ్రాసెను. ప్రాణము పోవుటకును వచ్చుటకును అదే వాకిలి.

వారి వైద్యగ్రంథములలో ఎబెర్స్ పపైరసు అను చుట్ట క్రీ.పూ. 1550 ప్రాంతపుది. అందు జలుబునకు మందు కలదు, మంత్రమును కలదు. మగబిడ్డను కన్న తల్లి చనుబాలను వాడుచు, జలుబును ఒక దుష్టునిగ సంబోధించి, ఎముకలను విరుచువాడా, తలను బాధించువాడా, కారిపొమ్మని తిట్టుదురు. జలుబునకు మందు తిట్టేయని వారు కనుగొనుట మాకు నచ్చినది. నేటికిని అంతకంటె గట్టి మందు వచ్చినట్లు లేదు. అదే గ్రంథమున, ప్రాణవాయువు కుడిచెవినుండి ప్రవేశించుననియు, మృత్యువాయువు ఎడమచెవినుండి ప్రవేశించుననియు కలదు. ఈ కుడిచెవిని శ్రోతలు గుర్తుంచుకొనవలెను. దీనితో మరల పని పడును.

ఇక మన పురాణములను చూతము. భాగవతము నవమస్కంధమునందును, విష్ణుపురాణము నాలుగవ అంశమునందును సూర్యవంశపు మొదటిరాజు పుట్టుక చెప్పబడినది. వైవస్వతమనువు ఒకప్పుడు తుమ్మెను. ఆ తుమ్ముతో ఆయన ముక్కునుండి ఒక కొడుకు పుట్టెను. అతడే ఇక్ష్వాకువు. శ్రీరాముడు జన్మించినది ఆ వంశముననే. పోతనగారి భాగవతమును ఇంటిలో చదివించుకొన్నవారికి ఇది క్రొత్త కథ కాదు. కాని గడపవద్ద తుమ్మును విని ఆగినపుడు, ఆ రఘువంశమంతయు ఒక తుమ్మునుండి వెడలినదేయని ఎవరికిని గుర్తుకు రాదు.

ఇక్కడను అదే మాటల చమత్కారము. సంస్కృతమున "క్షు" ధాతువునకు తుమ్ముట యని యర్థము, క్షుతమనగా తుమ్ము. ఇక్ష్వాకు శబ్దములో ఆ ధ్వని స్పష్టముగ వినబడుచున్నది. ఇషెష్ అనగా షూ పుట్టినట్లే, క్షు అనగా ఇక్ష్వాకువు పుట్టెను. ఆ పేరును ఇక్షువుతో, అనగా చెరకుతో, ముడిపెట్టువారును కలరు. బెల్లమునకు పేరుపొందిన చిత్తూరు సీమవారు ఆ పక్షమున చేరినచో మాకు అభ్యంతరము లేదు.

ఈ పేరు పురాణముననే ఆగిపోలేదు. క్రీ.శ. మూడవ శతాబ్దమున శాతవాహనుల తరువాత కృష్ణాతీరమున విజయపురి రాజధానిగ ఏలిన ఆంధ్రరాజులు తాము ఇక్ష్వాకుల మనిరి. వాసిష్ఠీపుత్ర ఛాంతమూలుడు అశ్వమేధము చేసెను. ఆ కుటుంబపు స్త్రీలు బౌద్ధవిహారములకు విరివిగ దానములిచ్చిరి. ఆ నగరమే నాగార్జునకొండ లోయ. జలాశయమున మునుగుటకు ముందు, 1954 నుండి 1960 వరకు అక్కడ పెద్దయెత్తున త్రవ్వకములు జరిగినవి. మన నేలపై రాతిశాసనములలో నిలిచిన ఒక రాజవంశపు పేరునకు వెనుక, పురాణముల ప్రకారము, ఒక తుమ్ము కలదు.

తిరుమలకు పోవువారు పుష్కరిణి యొడ్డున ముందుగా వరాహస్వామిని దర్శించుట ఆచారము. భాగవతము మూడవ స్కంధమున ఆ వరాహము బ్రహ్మ ముక్కుపుటమునుండి, బొటనవ్రేలంత ప్రమాణమున వెలువడి, చూచుచుండగనే ఏనుగంత పెరిగెను. అక్కడ తుమ్మను మాట లేదు, ముక్కు మాత్రమే కలదు. ఐతరేయోపనిషత్తునందు సైతము, మొదట నోరును, పిమ్మట ముక్కుపుటములును తెరచుకొనెననియు, ముక్కుపుటములనుండి ప్రాణమును, ప్రాణమునుండి వాయువును కలిగెననియు చెప్పబడినది. ఆతుము ముక్కునుండి గాలిదేవుడు పుట్టుటకును దీనికిని ఎంత దూరము?

ఇంతవరకు విన్న శ్రోతలలో కొందరికి, మనవారు ఈజిప్టునుండి తెచ్చుకొనిరా, లేక వారే మననుండి తీసికొనిపోయిరా యను కోరిక పుట్టియుండును. అట్టి వ్యాసములు పత్రికలలో అప్పుడప్పుడు వచ్చుచుండును. వానిని మేము ఇష్టముగ చదువుదుము, నమ్మము. సఖారా గోడకును విష్ణుపురాణమునకును నడుమ 2,500 ఏండ్లకు పైబడిన కాలము కలదు. నడిమి మెట్టు ఒక్కటియు కానరాదు. రెండు చోట్ల ముక్కు ముఖము నడుమనే యున్నది. రెండు చోట్ల బిడ్డ పుట్టినంతనే పెద్దలు ముందుగా చూచినది ఊపిరినే. పుట్టినబిడ్డలు మొదటి దినములలో తరచుగ తుమ్ముదురు. ముక్కును శుభ్రపరచుకొనుట అది. ఆ చిన్న తుమ్మును విని "బ్రదికియున్నది" అని ఊరడిల్లిన తల్లులు నైలునదియొడ్డునను ఉండిరి, స్వర్ణముఖియొడ్డునను ఉండిరి. కథ ప్రయాణము చేయకయే రెండు చోట్ల పుట్టుటకు అంతకంటె వేరు కారణము అక్కరలేదు.

ఇందులో ఒక కాకతాళీయము మాత్రము మాకు విడువబుద్ధి కాకున్నది. నీడనుండి ఎండలోనికి వచ్చి సూర్యునివైపు చూచినంతనే తుమ్మువారు కొందరు కలరు. అరిస్టాటిలు పేర మనకు అందిన ప్రశ్నల గ్రంథములోనే ఈ విషయము చర్చింపబడినది. ఇది వంశపారంపర్యముగ వచ్చు గుణమని నేటి వైద్యులు చెప్పుదురు. ఈజిప్టున తుమ్మిన దేవుడు సూర్యుడు. మనదేశమున తుమ్మిన మనువు సూర్యుని కొడుకు. దీనినుండి ఏ సిద్ధాంతమును తీయరాదు. నవ్వుకొనుటకు మాత్రమే చెప్పినాము.

దీవెన సంగతి వేరు. సఖారా మంత్రమున తుమ్ము కలదు, కౌగిలి కలదు; తుమ్మినవానిని దీవించు మాట లేదు. అది ఈజిప్టునుండి లోకమంతటను వ్యాపించెనని చెప్పువారికి ఆ మంత్రము సాక్ష్యము పలుకదు. మన "చిరంజీవ"కు మన దగ్గరనే ప్రాచీనమైన ఆధారము కలదు. బుద్ధభగవానుడు ధర్మోపదేశము చేయుచుండగా తుమ్మెను. భిక్షువులందరు "జీవించుడు, జీవించుడు" అని పెద్దగ కేక వేయగా ఉపదేశము ఆగిపోయెను. మీరు అనినంతమాత్రమున తుమ్మినవాడు బ్రదుకునా, అనకున్నచో చచ్చునా యని ఆయన ప్రశ్నించి, ఇకమీదట అట్లనరాదని నియమించెను. పిమ్మట, గృహస్థులు తమ్ము దీవించినపుడు భిక్షువులు బదులు పలుకక ఊరకుండుటవలన జనులు నొచ్చుకొనిరి. లోకులు మంగళమును కోరువారు గనుక "చిరంజీవ" యని బదులు చెప్పవచ్చునని ఆయనయే అనుమతించెను. వినయపిటకములోని యీ వృత్తాంతమునకు మించిన పెద్దరికమును మేమెరుగము. నమ్మకము సరికాదని చెప్పెను. మర్యాదను మాత్రము తీసివేయలేదు.

ఆ సందర్భమున చెప్పినదే గగ్గజాతకము. కాశీనగరపు వెలుపల ఒక సత్రమున యక్షుడు కాచుకొని యుండెను. తుమ్మినవానిని దీవింపనివారిని, దీవించినవానికి మారుదీవెన ఈయనివారిని తిను వరము వానికి కలదు. ఒక తండ్రియు కొడుకును రాత్రి అక్కడ దిగిరి. యక్షుడు మెత్తని దుమ్ము చల్లి తండ్రిని తుమ్మించెను. కొడుకు ఊరకుండెను. యక్షుడు దూలమునుండి దిగివచ్చుట చూచి, కొడుకు సంగతి గ్రహించి, తండ్రిని నూరేండ్లును ఆపై ఇరువదియేండ్లును బ్రదుకుమని దీవించెను. తండ్రియు వెంటనే మారుదీవెన పలికెను. యక్షునకు ఆ రాత్రి పస్తు.

ఇతర దేశములలో తుమ్ము తరచుగ శుభమే. గ్రీకుల కావ్యమగు ఒడిస్సీలో కొడుకు గట్టిగ తుమ్మగా తల్లి పెనెలోపి నవ్వి, తన మాట ఫలించునని సంతోషించెను. క్రీ.పూ. 401లో పరదేశమున చిక్కుకొన్న గ్రీకు సైన్యముముందు జెనొఫన్ మాటలాడుచుండగా ఒక సైనికుడు తుమ్మెను; సైన్యమంతయు దేవునకు మ్రొక్కెను. బైబిలులో ప్రవక్తయగు ఎలీషా ప్రార్థింపగా మరణించిన బాలుడు ఏడుమారులు తుమ్మి కన్నులు తెరచెను. నేటి ఈజిప్టులో అధికసంఖ్యాకులు ముస్లిములు. ఆదాము దేహములోనికి ఆత్మ ప్రవేశింపగనే ఆయన తుమ్మి దేవుని స్తుతించెనని వారి హదీసులలో ఒకటి కలదు. తుమ్మినవారు దేవుని స్తుతింతురు, విన్నవారు దేవుడు కరుణించుగాక యందురు. ఆతుమును మరచిన నేలపై, వేరొక మతమున, మొదటి ప్రాణమునకు గుర్తు మరల తుమ్మే యైనది.

అట్లైనచో మన గడపలోని భయమెక్కడిది? మన స్మృతులలో తుమ్ము అశుభము కాదు, చిన్న అశుచి మాత్రమే. నిద్రించి, తుమ్మి, భుజించి, ఉమిసినపిమ్మట ఆచమనము చేయవలెనని మనుస్మృతి. తుమ్మినపుడు కుడిచెవిని తాకవలెనని పరాశరస్మృతి. అగ్ని, జలము, వేదములు, చంద్రుడు, సూర్యుడు, వాయువు బ్రాహ్మణుని కుడిచెవియందు నివసింతురని ఆయన కారణము చెప్పెను. ఎబెర్స్ పపైరసులోని కుడిచెవి శ్రోతలకు గుర్తుండవలెను. మన పెద్దలు నేటికిని తుమ్మి చెవిని తాకుచుందురు. మంచినీళ్లు త్రాగి వెళ్లుమనుట ఆ ఆచమనపు చివరి మిగులేమో యని మా యూహ. శుచికై తుమ్మినవాడు చేయవలసిన పని, కాలక్రమమున, ప్రయాణము చేయువాడు భయముతో చేయు పనిగ మారినది.

బస్సు తప్పిపోవుట నవ్వులాట. కాని పులికాటు చుట్టుప్రక్కల పొలములలో పాము కరచినవానిని బండి యెక్కించు సమయమున ఎవరో తుమ్మిరని పది నిమిషము లాగుట నవ్వులాట కాదు. నొప్పులు పడుచున్న ఆడుబిడ్డను ఆసుపత్రికి తరలించువేళ ముహూర్తమును తుమ్ము నిర్ణయింపరాదు. పరీక్షకు వెళ్లు కుఱ్ఱవాడు వెనుకకు వచ్చి కూర్చుండుటలో అతని ధైర్యము సగము కూర్చుండిపోవును. ఇంకొక సంగతి. ఆ తుమ్ము ఇంటియజమానిదైనచో ఎవరును పలుకరు. కోడలిదైనను, పనిపిల్లదైనను, ఆ దినమున జరిగిన ప్రతి నష్టమునకును అదే కారణమగును. ఇట్టి మాటలను పడినవారు ఈ ప్రసంగమును వినుచుండవచ్చును. తమ ముక్కునకు తాము జవాబుదారులు కారని వారికి మేము చెప్పగలము.

తుమ్మునకు నిజముగ భయపడవలసిన తావు వేరే కలదు. 2020లో కరోనా ప్రబలినపుడు, మోచేతి మడతలో తుమ్ముడని రేడియోలో పలుమారులు చెప్పవలసివచ్చెను. తుమ్ముతో వెలువడు సన్నని తుంపరల మేఘము గదిలో చాలదూరము పోగలదని వేగపు కెమెరాలతో తీసిన చిత్రములు చూపినవి. అట్లని తుమ్మును బిగబట్టుటయు మంచిది కాదు. బలాత్కారముగ ఆపరాని పదుమూడు శరీరవేగములలో చరకుడు తుమ్మును చేర్చెను; ఆపినచో మెడ పట్టుటయు, తలనొప్పియు కలుగునని వ్రాసెను. మా ప్రసారశాలలో ఈ ధర్మమును పాటించుట కొంచెము కష్టము. దగ్గు వచ్చినచో మైకు నాపుటకు మీట కలదు. తుమ్ము అంత వ్యవధి ఈయదు.

తుమ్మును ఆపుటవలన వచ్చు మరియొక చిక్కును తిరువళ్లువరు చెప్పెను. మనకు పొలమారినచో ఎవరో తలంచుకొనుచున్నారందుము. తమిళులకు ఆ పని తుమ్ము చేయును. తిరుక్కురళు చివర, ప్రణయకలహమును వర్ణించు అధికారములో, తుమ్మును గూర్చి మూడు పద్యములు కలవు. ఒకదానిలో నాయిక అలిగి మాటలాడకున్నది; ఎట్లైనను "చిరకాలము జీవింపు" మని ఆమె అనక తప్పదని యెరిగి నాయకుడు తుమ్మును. మరొకదానిలో అతడు తుమ్మగా ఆమె దీవించి, అంతలోనే మనసు మారి, నిన్ను తలంచినది ఎవరని యేడ్చును. మూడవదానిలో, ఇంత గొడవ యెందుకని అతడు తుమ్మును బిగబట్టెను. నిన్ను తలంచువారు ఉన్నారన్న సంగతిని నాకు తెలియకుండ దాచుచున్నావా యని ఆమె మరల ఏడ్చెను. తడ దాటి ఆరంబాక్కము వైపు పోవు బస్సులో ఎవరైన తుమ్మినచో, అది సరిహద్దున కీవలనో ఆవలనో చూచుకొని అర్థము చెప్పుకొనవలెను.